తాతగారి వాచీకి రంగు పూయకండి

మా ఇంట్లో తాతగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ ఉంది. "డయల్ పసుపెక్కింది, కొత్త పెయింటు వేయించి పెళ్లికొడుక్కి పెడదాం" అంటున్నారు మావాళ్లు. నేను ఒప్పుకోను.

జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో మన బెంగళూరులోనే మొదలైన ఫ్యాక్టరీ అది. 2016లో కేంద్రం ఆ వాచీల కంపెనీ మూసివేతకు ఆమోదం తెలిపింది. ఆ కాలంనాటి డయల్ మళ్లీ పుట్టదు. ఉన్నదాన్ని గీకి రంగేస్తే అంకెలు లావెక్కి, అక్షరాలు వంకరపోయి, మెరిసే అబద్ధం ఒకటి మిగులుతుంది.

అలాగని బీరువాలో పడేయమనడం లేదు, అదీ తప్పే. ఏళ్ల తరబడి ఊరికే ఉన్నా లోపలి నూనె ఎండిపోతుంది. అలాగే కీ ఇచ్చి నడిపిస్తే ఇరుసులు అరుగుతాయి. నాలుగైదేళ్లకోసారి విప్పించి, కడిగించి, నూనె వేయించండి. రోజూ పొద్దున్నే కీ ఇవ్వండి, బిగిసిందంటే ఆపేయండి. తడి తగలనివ్వకండి.

లోపల ఎంతైనా బాగు చేయించండి, ముఖం జోలికి మాత్రం పోకండి. తరాలుగా కన్నడ సీమలో ఉండి మన తెలుగుకి ఒక యాస అబ్బింది. దాన్ని గీకేసుకుంటామా? వాచీ కూడా అంతే.