ముద్దాయికి అర్థమయ్యే భాషలో చెప్పారా?

2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఇద్దరు అటవీ అధికారులు హత్యకు గురయ్యారు. ఆ కేసులో ఎర్రచందనం నరికే కూలీలను వందల్లో పట్టుకొచ్చారు. ఎక్కువ మంది తమిళనాడు వాళ్లే. రెండేళ్లు జైల్లో మగ్గాక, 2016లో తిరుపతి కోర్టు నేరం రుజువు కాలేదని వాళ్లను వదిలేసింది. అధికారుల కుటుంబాలకు దాంతో ఒరిగిందేమీ లేదు.

దొంగలకు హక్కులేమిటని టీకొట్టు దగ్గర తేలిగ్గా అనేస్తాం. చట్టం అలా అనదు. అరెస్టయిన 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. స్తోమత లేనివాడికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇవ్వాలి. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే, అడిగితే బెయిలు ఇవ్వాల్సిందే. అడగాలని చెప్పేదెవరు?

అసలు చిక్కు భాషది. కాగితాలేమో తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. కింద వేలిముద్ర వేసేవాడికి తమిళం తప్ప రాదు. అరెస్టుకు కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో చెప్పాలని, చెప్పకుంటే ఆ అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వీధివీధినా తమిళం వినిపించే చిత్తూరులో దుబాసీ దొరకలేదంటే నమ్మేదెవరు?

2015 ఏప్రిల్ 7న చంద్రగిరి అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది తమిళ కూలీలు బలయ్యారు. వాళ్లు కోర్టు గడప దాకా రానేలేదు. వచ్చేవాళ్ల కోసమైనా, రిమాండు వేళ తమిళం తెలిసిన లాయరును తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో సిద్ధంగా ఉంచాలి.