పటంలో లేని ఊళ్ళు, పిజ్జా తిని వెళ్ళిపోయే వాలంటీర్లు

ఏ ఇంజినీరింగు స్టూడెంటైనా వైద్యసేవా సంస్థకి వాలంటీరుగా పనిచేస్తానంటే మనకి గుర్తొచ్చేవి రెండే. రక్తదాన శిబిరంలో బ్యానరు పట్టుకోవడం, లేదా సెలవుల్లో ఆఫ్రికా వెళ్ళి అక్కడి పిల్లలతో ఫోటో దిగి రావడం. మెడిసిన్ చదవనివాడు అంతదూరం వెళ్ళి ఏం వెలగబెడతాడో నాకెప్పుడూ అర్థం కాలేదు. కానీ కుర్చీలోంచి లేవకుండా చెయ్యగలిగే పని ఒకటుంది, అచ్చం మన బాపతుది. దాన్ని కూడా మనం చెడగొట్టగలం, ఆ సంగతికి తర్వాత వస్తాను.

2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చింది. అక్టోబరులో కలరా మొదలై, కొన్నేళ్ళపాటు సాగి, 8 లక్షలమందికి పైగా సోకింది. దాదాపు 10 వేలమంది పోయారు. కలరాని ఎలా వెతికి పట్టుకోవాలో 1854లోనే లండన్లో జాన్ స్నో అనే డాక్టరు చూపించాడు. చావుల్ని వీధిపటం మీద గుర్తుపెడితే అవి బ్రాడ్ స్ట్రీట్ నీళ్ళపంపు చుట్టూ పోగుపడి కనిపించాయి. అయితే ఆయన చేతిలో పటం ఉంది! హైతీలో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ వాళ్ళకి, రోగి తన పేట పేరు చెప్పినా ఆ పేట ఎక్కడుందో తెలిసేది కాదు.

2014 మార్చిలో గినీలో ఎబోలా బయటపడ్డప్పుడూ ఇదే కథ. గెకెడు పట్టణానికి పనికొచ్చే పటం లేకపోతే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాలంటీర్లు శాటిలైటు ఫోటోలు చూసి కొద్దిరోజుల్లో గీసిపెట్టారు. అదే ఏడు నవంబరులో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్, అమెరికా, బ్రిటన్ రెడ్‌క్రాసులు, హ్యూమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్ కలిసి మిస్సింగ్ మ్యాప్స్ మొదలెట్టాయి. 2015లో టెక్సస్ టెక్, జార్జ్ వాషింగ్టన్, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలు ఇదే పనికోసం యూత్‌మ్యాపర్స్ పేరుతో కాలేజీల్లో స్టూడెంట్ల చాప్టర్లు పెట్టించాయి.

పని పద్ధతి మీకు ఇట్టే అర్థమవుతుంది. ప్రాంతాన్ని గళ్ళుగా కోస్తారు. మీరొక గడి తీసుకుంటే అది మీ పేర లాకవుతుంది. అందులో ఇళ్ళు, దారులు గీసి 'అయింది' అని నొక్కితే ఇంకొకరు వాలిడేట్ చేస్తారు. కోడ్ రివ్యూ అన్నమాట. తర్వాత ఆ ఊరివాళ్ళు వీధుల పేర్లు, పేటల పేర్లు ఎక్కిస్తారు. టీకాల వాళ్ళు ఇళ్ళు లెక్కపెట్టి ఎంతమంది పిల్లలుంటారు, ఎన్ని డోసులు కావాలి అని అంచనా వేసుకుంటారు.

ఇప్పుడు నా గోల. కంపెనీల్లో సీఎస్సార్ పేరుతో, కాలేజీల్లో క్లబ్బు పేరుతో మ్యాపథాన్లు పెడుతున్నారు. రెండు గంటలు, పిజ్జా, టీషర్టు, గ్రూపు ఫోటో. వచ్చినవాళ్ళలో చాలామంది మళ్ళీ కనపడరు. వాళ్ళు గీసినవి మాత్రం రివ్యూ కోసం పడుంటాయి. గుండ్రటి గుడిసెని చతురస్రంగా గీస్తే కొంపలేం మునగవు. ఎండిపోయిన వాగుని రోడ్డని గీస్తేనో? జీపు ఇసకలో దిగబడుతుంది. పదిళ్ళ పల్లెని చూసుకోకుండా 'అయింది' కొట్టేస్తే ఇంకా ఘోరం. ఖాళీ గడిని చూస్తే ఎవరో ఒకరు అనుమానిస్తారు. పూర్తయిందని చెప్పే గడిని మళ్ళీ ఎవరు తెరుస్తారు? ఆ పల్లె లెక్కలోకి రాదు, టీకా బండి అటు పోదు.

ఇదంతా ఏఐ చేసేస్తుంది కదా అంటారు. నిజమే, 2021లో గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ వచ్చింది, మైక్రోసాఫ్టూ ఇళ్ళ ఆకారాలు విడుదల చేసింది. బాగానే గీస్తాయి, కొన్నిచోట్ల బండరాయిని కూడా ఇల్లే అంటాయి. పేట పేరైతే ఏ శాటిలైటుకీ తెలీదు. అంటే మనుషులకి మిగిలింది సరిచూడటం. అదే ఎవరికీ ఇష్టంలేని పని.

అందుకే నాకు ప్రొఫెసర్ల మీద ఎక్కువ ఆశ. వాలంటీర్లు ఎందుకొస్తారు అని పేపర్లు రాయడం కంటే, ఒక సెమిస్టరంతా వారం వారం కూర్చోబెట్టి, గీసిన ఇళ్ళ లెక్కకి కాకుండా రివ్యూలో నిలబడ్డ పనికి మార్కులిస్తే చాలు. మ్యాపథాన్‌కి వచ్చే వందమంది కంటే ఆ క్లాసులో పదిమంది మేలు. యూత్‌మ్యాపర్స్ పుట్టుకకి చెయ్యందించిన యూఎస్‌ఎయిడ్ 2025 జూలైలో మూతపడింది కాబట్టి ఈవెంట్లకి డబ్బు దొరకడం ఎలాగూ కష్టమే. ఈ పద్ధతికి పెద్ద ఖర్చు కూడా లేదు.

ఇక మనం. పదేళ్ళుగా పక్కవాడి కోడ్‌లో తప్పులు పడుతున్న వాళ్ళం, ఇంకో మ్యాపథానో, దానికో కొత్త యాప్పో ఎందుకు చెప్పండి? వాలిడేషన్ పట్టుకుందాం. చాలా ప్రాజెక్టుల్లో కొన్నాళ్ళు గీసి అనుభవం వస్తేగానీ రివ్యూ చెయ్యనివ్వరు, అది న్యాయమే. దానికి ఎక్కువమంది వాడేది జోసమ్ అనే జావా ప్రోగ్రాము. మొహం చూస్తే 2005లోనే ఆగిపోయినట్టుంటుంది, భయపడకండి, పని మాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది.