ప్లాస్టిక్ కార్మికునికి శిక్షణ యంత్రం దగ్గరే అందాలి

ప్లాస్టిక్ పరిశ్రమకు కావలసిన సాంకేతిక నిపుణులను తయారు చేయడానికి భారత ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో 1968లో మద్రాసులో నెలకొల్పిన సంస్థ సిపెట్. కేంద్ర రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖ కింద పనిచేసే ఈ సంస్థకు తెలుగు రాష్ట్రాలలో హైదరాబాదు చర్లపల్లిలోను, గన్నవరం దగ్గర సూరంపల్లిలోను కేంద్రాలున్నాయి. డిప్లొమా కోర్సులు నడపడం, అచ్చులు (పరిశ్రమలో వీటినే మౌల్డులంటారు) రూపొందించి తయారు చేయడం, ముడిసరుకునూ తయారైన వస్తువునూ పరీక్షించి ధ్రువపత్రమివ్వడం, పరిశ్రమలకు సాంకేతిక సలహా చెప్పడం ఈ సంస్థ చేపట్టిన పనులు. పదో తరగతి ముగించిన విద్యార్థికి ఇక్కడ మూడేళ్ల డిప్లొమా చదివే వీలుంది. నిరుద్యోగ యువత కోసం స్వల్పకాలిక నైపుణ్య శిక్షణలూ నడిచాయి. అయితే జీడిమెట్ల, కాటేదాన్, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల చిన్న షెడ్లలో ఇప్పటికే యంత్రం నడుపుతున్న కార్మికుడు ఈ సంస్థ ప్రణాళికలకు కేంద్రం కాలేదు. ఆ కార్మికుణ్ణి కేంద్రంగా చేసుకొని శిక్షణ విధానాన్ని తిరగరాయాలన్నదే ఈ కరపత్రం కోరిక.

ఇంజెక్షన్ మౌల్డింగ్ అంటే, గింజల రూపంలో ఉండే ప్లాస్టిక్ ముడిసరుకును (కార్ఖానాలలో దానా అంటారు) వేడి గొట్టంలో కరిగించి, తిరిగే స్క్రూతో ముందుకు నెట్టి, మూసి ఉన్న అచ్చులోకి గట్టి ఒత్తిడితో ఎక్కించి, చల్లబడ్డాక వస్తువును బయటికి తీయడం. చూడటానికి ఇది బటన్ నొక్కే పనిలా కనిపిస్తుంది, కానీ తెలుసుకోవలసింది చాలా ఉంది. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి దాని దానాను దాదాపు 80 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టాకే గొట్టంలో పోయాలి. ఆరబెట్టకపోతే ఆ తేమ ఆవిరై వస్తువు మీద వెండి చారలు తేలుతాయి, లోపల బలమూ తగ్గుతుంది. కారణం తెలియని ఆపరేటరు చారలు చూసి వేడి పెంచుతాడు. వేడి పెరిగితే తేమ నైలాన్ అణువుల గొలుసులను మరింతగా తెంచుతుంది, సరుకు ఇంకా పెళుసవుతుంది. అచ్చు అంచుల నుంచి ప్లాస్టిక్ పల్చగా పొంగివచ్చే ఫ్లాష్, అచ్చు పూర్తిగా నిండకుండా మిగిలే షార్ట్, మందంగా ఉన్నచోట పడే గుంట వంటి లోపాలలో ప్రతిదానికీ వేడి, ఒత్తిడి, చల్లబడే సమయం, అచ్చు బిగింపు అన్నవాటిలో వెతకదగిన కారణం ఉంటుంది. ఆ కారణాన్ని వెతికే పద్ధతిని నెలరోజుల సాయంత్రపు తరగతులలో నేర్పవచ్చు. నేర్పనందువల్ల నష్టమయ్యే దానా, కరెంటు, గంటలు చిన్న యజమాని లాభంలోంచి పోతాయి. ఆ నెపం మాత్రం కార్మికుడి మీద పడి, చివరికి అతని జీతం మీద చేరుతుంది.

ఇది కేవలం నాణ్యతకు సంబంధించిన విషయమే కాదు. పీవీసీని అవసరానికి మించి వేడిచేస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు విడుదలవుతుంది. అది యంత్రం ఉక్కును తినడమే కాక, కళ్లనూ ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తుంది. యంత్రం మధ్యలో ఆగినప్పుడు గొట్టంలోని పీవీసీని వెంటనే బయటికి నెట్టి వేయాలన్న సంగతి తెలిసిన ఆపరేటరు ఉంటే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. 2020 మే 7న విశాఖపట్నం శివార్లలోని ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి పన్నెండుమందిని బలి తీసుకున్నది. పాలిస్టైరీన్ తయారీకి మూలద్రవమైన స్టైరీన్‌ను చల్లగా ఉంచి, తనంతట తాను గడ్డకట్టకుండా నిరోధక రసాయనం కలిపి ఉంచాలన్నది ఆ రంగంలో ప్రాథమిక పాఠం. పెద్ద కర్మాగారంలోనే పరిస్థితి అంతదాకా వచ్చినప్పుడు, భద్రతాధికారి అనే ఉద్యోగమే లేని చిన్న షెడ్డులో ఆ బాధ్యత యంత్రం దగ్గర నిలుచున్న మనిషి మీదే పడుతుంది. అతనికి చదువు అందించకుండా బాధ్యత మాత్రం అప్పగించడం అన్యాయం.

శిక్షణతో పాటు సిపెట్ చేసే పరీక్షలూ ముఖ్యమే, వాటి ప్రయోజనం రైతు పొలంలో తేలుతుంది. నీటి సరఫరాకు వాడే నల్లని హెచ్‌డీపీఈ గొట్టాలకు సంబంధించిన ఐఎస్ 4984 ప్రమాణం, ఆ గొట్టంలో కార్బన్ బ్లాక్ రెండు నుంచి మూడు శాతం మధ్య ఉండాలని నిర్దేశిస్తుంది. కార్బన్ బ్లాక్ అంటే మెత్తని మసి. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలను తాను తీసుకొని, ప్లాస్టిక్ పగిలిపోకుండా కాపాడుతుంది. దాని పాళ్లు తెలుసుకోవడానికి చిన్న ముక్కను నైట్రోజన్ వాయువు మధ్య కొలిమిలో కాల్చి, ప్లాస్టిక్ ఆవిరైపోగా మిగిలిన మసిని తూచి చూస్తారు. అలాగే మెల్ట్ ఫ్లో అనే పరీక్షలో, పాలిథిన్ అయితే 190 డిగ్రీల వేడిలో 2.16 కిలోల బరువు కింద పది నిమిషాలలో సన్నని రంధ్రం గుండా ఎన్ని గ్రాములు జారిందో కొలిచి, సరుకు ఆ పనికి సరిపోతుందో లేదో నిర్ణయిస్తారు. రెండూ ఖర్చుతో కూడిన పరికరాలు కావలసిన పరీక్షలే. నలుగురైదుగురు పనిచేసే కార్ఖానా వాటిని సొంతంగా కొనలేదు. ప్రభుత్వ ప్రయోగశాల ఉన్నది అందుకే.

ప్లాస్టిక్ పర్యావరణానికి హాని చేస్తుంటే దాని పరిశ్రమకు ప్రభుత్వ సొమ్ముతో సాయమెందుకన్న ప్రశ్న న్యాయమైనదే, దానికి సూటిగా జవాబివ్వాలి. ఒకసారి వాడి పారేసే నిర్దిష్ట వస్తువులపై 2022 జూలై 1 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. చేతిసంచుల కనీస మందం 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లయింది. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025–26 నుంచి 30 శాతం రీసైకిల్ సరుకు ఉండాలని, ఆ వాటా ఏటా పెరగాలని నిబంధనలు చెబుతున్నాయి. ఈ నియమాలు కాగితం దాటి అమలు కావాలంటే రీసైకిల్ దానాతో మంచి వస్తువు చేయగల చేతులు కావాలి. రీసైకిల్ సరుకులో ఏ రెండు బస్తాలూ ఒకేలా ఉండవు: ఒకదానిలో పాలిప్రొపిలీన్ కలిసి ఉండవచ్చు, మరొకదానిలో తేమ, వేరొకదానిలో ఇంతకుముందే రెండుసార్లు కరిగి బలహీనపడ్డ గొలుసులు ఉండవచ్చు. కొత్త దానాకు సరిపోయే అరకొర పరిజ్ఞానం ఇక్కడ సరిపోదు. కాలుష్యం తగ్గాలని కోరేవారే ఈ శిక్షణను ముందుగా అడగాలి.

కాబట్టి చర్లపల్లి, సూరంపల్లి కేంద్రాలు షిఫ్టు ముగిశాక, ఆదివారాలలో, పనిలో ఉన్నవారికి తెలుగులోనూ హిందీలోనూ తరగతులు నడపాలి. హైదరాబాదు పారిశ్రామికవాడలలో బీహారు, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికులెందరో ఉన్నారన్నది మరవరాదు. తెలుగు పాఠ్యపుస్తకం బడిభాషలో కాక ఆపరేటరు రోజూ పలికే మాటలలో, లోపాల ఫోటోలతో ఉండాలి. యంత్రాన్ని కేంద్రానికి తేలేరు గనుక శిక్షకుడే కార్ఖానాకు వెళ్లి, ఆ యంత్రం మీదే నేర్పే ఏర్పాటు జరగాలి. ఇరవయ్యేళ్ల అనుభవమున్నా చేతిలో కాగితం లేని ఆపరేటరుకు అతని నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రమివ్వాలి. ముందే నేర్చిన పనికి గుర్తింపునిచ్చే పద్ధతి జాతీయ నైపుణ్య పథకాలలో ఇప్పటికే ఉంది, దానిని ఇక్కడ వాడుకోవడమే మిగిలింది. చిన్న యూనిట్లకు పరీక్షల రుసుము తగ్గించాలి, దానా నమూనాలను పారిశ్రామికవాడ నుంచే వాహనంలో సేకరించి ఫలితాన్ని ఫోనుకు పంపాలి. అచ్చుల మరమ్మతుకు ఉమ్మడి సదుపాయ కేంద్రాలు ఏర్పరచడానికి కేంద్ర సూక్ష్మ, చిన్నతరహా సంస్థల క్లస్టర్ అభివృద్ధి కార్యక్రమం నిధులిస్తుంది. అచ్చుల రంగంలో బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ సంస్థకు కూడా 1968 నుంచి అనుభవముంది. ఈ రెండు సంస్థలూ కలిసి పనిచేస్తే లాభం రెట్టింపవుతుంది.

శిక్షణ పొందిన కార్మికుడు ఎక్కువ జీతానికి మరోచోటికి పోతాడని యజమానులు భయపడతారు. ఆ భయం నిజమే. కానీ అందరికీ శిక్షణ అందితే ఒకరి దగ్గరి నుంచి వెళ్లిన మనిషి స్థానంలో శిక్షణ ఉన్న మరొకరే వస్తారు, శిక్షణ లేని మనిషిని పట్టి ఉంచుకోవడం మాత్రం ఏ లెక్కన చూసినా లాభం కాదు. తరగతి రోజుల కూలిని యజమాని, ప్రభుత్వం పంచుకోవాలి, కార్మికుని మీద వేయకూడదు.

పారిశ్రామికవాడల యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు, వినియోగదారుల సంఘాలు ఈ కోర్కెలను తమ సర్వసభ్య సమావేశాలలో తీర్మానాలుగా ఆమోదించి, కేంద్ర రసాయనాలు, పెట్రోరసాయనాల శాఖకూ రెండు రాష్ట్రాల పరిశ్రమల శాఖలకూ పంపవలసిందిగా, ఆ ప్రతిని సిపెట్ కేంద్రాల అధిపతులకు స్వయంగా అందజేసి సాయంత్రపు తరగతుల తేదీ అడగవలసిందిగా విజ్ఞప్తి.