తల్లి లాక్కున్న తుపాకి

ఇంట్లో ఆడమనిషిని కొట్టినవాడు కళాకారుడైతే చాలు, ఒక వాదన తయారుగా ఉంటుంది: మనిషి వేరు, కళ వేరు. నటుడిగా మొదలై దర్శకుడైన మెల్ గిబ్సన్ విషయంలో ఈ వాదన ఏళ్ళ తరబడి వింటున్నాం. మన దేశంలోనూ ఆయన సినిమాలకు అభిమానులు తక్కువేం కాదు. ఈ వాదనకు జవాబు ఆయన సినిమాల్లోనే ఉందని నా అభిప్రాయం. వాటిలో స్త్రీలకు ఏం జరుగుతుందో, ఆయన జీవితంలో ఒక స్త్రీకి జరిగినదాన్ని లోకం ఎట్లా పక్కకు నెట్టిందో కలిపి చూస్తే రెండుచోట్లా ఒకే తర్కం పనిచేస్తోందని తెలుస్తుంది.

1995లో వచ్చిన ‘బ్రేవ్‌హార్ట్’కు ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు ఆస్కార్లు వచ్చాయి. అందులో వాలెస్ భార్య తనమీద పడిన సైనికుణ్ణి ఎదిరిస్తుంది. అందుకు ఆమె గొంతు కోస్తారు. అక్కడినుంచి కథంతా అతనిదే. ఆమె శవం అతని కత్తికి లైసెన్సు. పెళ్ళికూతురిపై మొదటిరాత్రి హక్కును ఆంగ్ల ప్రభువులకు రాజు ఇచ్చినట్టు ఈ సినిమా చూపిస్తుంది. ఆనాటి స్కాట్లండ్‌లో అటువంటి హక్కు ఉన్నట్టు చరిత్రకారులకు ఆధారం దొరకలేదు. యువరాణి ఇసబెల్లా వాలెస్‌ను ప్రేమించి గర్భవతి అవుతుంది. నిజానికి 1305లో వాలెస్‌ను చంపేనాటికి ఆమె పదేళ్ళ పిల్ల. ఇంగ్లండ్ రాజును పెళ్ళాడింది 1308లో. చారిత్రక సినిమాల్లో కల్పన ఉండటం వింతేమీ కాదు. ఇక్కడి కల్పనలన్నీ ఒకే దిక్కుకు ఎందుకు మొగ్గాయన్నదే నా ప్రశ్న. స్త్రీ శరీరం శత్రువు చెరిచే ఆస్తిగానో, వీరుడికి దక్కే బహుమతిగానో తప్ప మరోలా కనిపించదు.

2006 నాటి ‘అపోకలిప్టో’లో నిండు గర్భిణి పసివాడితో గోతిలో చిక్కుకుంటుంది. ధైర్యవంతురాలే. కొడుకు గాయానికి చీమలతో కుట్లు వేస్తుంది, నీళ్ళు నిండుతున్న గోతిలోనే బిడ్డను కంటుంది. కానీ అందులోంచి బయటపడాలంటే భర్త రావాల్సిందే.

2016లో వచ్చిన ‘హాక్సా రిడ్జ్’ దగ్గర మనం కాసేపు ఆగాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనని మొండికేసి, 1945లో ఒకినావాలో ఎందరో సైనికుల ప్రాణాలు కాపాడిన డెస్మండ్ డాస్ కథ ఇది. అతను తుపాకి ఎందుకు ముట్టలేదు? సినిమా చెప్పే కారణం ఇది: తాగిన తండ్రి తల్లిమీద తుపాకి ఎక్కుపెడతాడు, కొడుకు దాన్ని లాక్కుని తండ్రికే గురిపెడతాడు, ఆ క్షణంలో తనలోని హింసను చూసుకుని భయపడతాడు. గృహహింసను ఇంత సూటిగా చూపినందుకు మెచ్చుకున్నవాళ్ళున్నారు.

డాస్ స్వయంగా చెప్పిన కథ వేరు. గొడవ తండ్రికీ, బంధువొకాయనకూ మధ్య. ఇద్దరి మధ్యకు వెళ్ళి తుపాకి తీసుకున్నది తల్లి. దాన్ని దాచిరమ్మని కొడుకును పంపిందీ ఆమే. మగవాళ్ళ చేతిలోంచి ఆయుధాన్ని తప్పించిన స్త్రీని సినిమా దెబ్బలు తినే స్త్రీగా మార్చింది. ఆమె చేసిన పనిని కొడుక్కి కట్టబెట్టింది. స్త్రీల శ్రమను, తెగువను చరిత్ర పుస్తకాలు మాయం చేసే పద్ధతి మనకు కొత్త కాదు. ఇక్కడ అది తెరమీద జరిగింది, అంతే.

ఇక జీవితానికి వద్దాం. తన బిడ్డ తల్లిని కొట్టిన కేసులో 2011 మార్చిలో గిబ్సన్ అభియోగాన్ని ఎదుర్కోబోనని కోర్టుకు చెప్పాడు. శిక్ష పడింది: మూడేళ్ళ ప్రొబేషన్, ఏడాదిపాటు కౌన్సెలింగ్. ఆరేళ్ళు తిరక్కుండానే, 2017లో, ‘హాక్సా రిడ్జ్’ కు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ నామినేషన్. పడిన వీరుడు మళ్ళీ లేచాడని పత్రికలు రాశాయి. బాధపడ్డ మగవాడు పునీతుడవుతాడన్నది ఆయన సినిమాల సారం. 2004 నాటి ‘ది పాషన్ ఆఫ్ ది క్రైస్ట్’ నిండా ఆ బాధే. ఆ కథనాన్నే పరిశ్రమ ఆయన జీవితానికీ తొడిగింది. అందులో దెబ్బ తిన్న స్త్రీకి చోటు లేదు.

కథ అక్కడితో ముగియలేదు. గృహహింస నేరంలో శిక్షపడినవాళ్ళు తుపాకి ఉంచుకోరాదని అమెరికాలో 1996లో చట్టం వచ్చింది. 2025 మార్చిలో ఆ దేశ న్యాయశాఖలో క్షమాభిక్షల అధికారి ఎలిజబెత్ ఓయర్ ఉద్యోగం పోయింది. గిబ్సన్‌కు తుపాకి హక్కు తిరిగి ఇవ్వాలన్న సిఫార్సుపై సంతకం పెట్టకపోవడమే కారణమని ఆమె చెప్పారు. న్యాయశాఖ ఆ మాటను కొట్టిపారేసింది. ఏప్రిల్‌లో మాత్రం ఆయన హక్కు ఆయనకు తిరిగి వచ్చింది. తెరమీద ఇల్లాలిని బెదిరించేవాడి చేతిలోంచి తుపాకి లాగేసిన దర్శకుడికి, ప్రభుత్వమే తుపాకి పట్టే హక్కు అందించింది.

మనకు ఇది దూరదేశపు సంగతి కాదు. గృహహింస నుంచి స్త్రీల రక్షణ చట్టం మనకు 2005లో వచ్చింది. హింసకు వాడిన ఆయుధాన్ని రక్షణాధికారి స్వాధీనం చేసుకోవచ్చని 2006 నాటి నియమాలు చెబుతున్నాయి. ఆ వీలుందని దెబ్బలు తినే స్త్రీలలో ఎంతమందికి తెలియజేశాం? మన సినిమాల్లోనూ చెల్లెలి మానమో, భార్య ప్రాణమో పోతే తప్ప హీరో కత్తి లేవదు. నిజ జీవితంలో భార్యను కొట్టిన హీరో గురించి “అది వాళ్ళ ఇంటి విషయం” అంటాం. ఈ రెండూ ఒక నాణేనికి రెండు వైపులు.

గిబ్సన్ సినిమాలు నిషేధించమని నేననడం లేదు. చూద్దాం. చూస్తూ, కెమెరా ఎవరి గాయం దగ్గర ఆగింది, ఎవరి గాయాన్ని మెట్టుగా వాడుకుని ముందుకు పోయింది అని అడుగుదాం. మనిషి మారాడని ఎవరైనా చెబితే, ఆ మాట చెప్పాల్సింది ప్రేక్షకులా, అవార్డుల కమిటీలా, దెబ్బలు తిన్న మనిషా అని కూడా అడుగుదాం. తుపాకి లాక్కున్న తల్లిని కథలో తిరిగి ఆమె స్థానంలో నిలబెట్టే పని విమర్శకులది మాత్రమే కాదు, మనందరిదీ.