ఒక్క కూతగాడితో జట్టు నడవదు

తెలుగు టైటాన్స్‌కి ఒక మంచి రైడర్ దొరికితే చాలు, కప్పు మనదే అనే మాట 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచీ వింటున్నాను. దొరకలేదా అంటే దొరికారు. ఒకరి తర్వాత ఒకరు దొరుకుతూనే ఉన్నారు. కప్పు మాత్రం ఇప్పటికీ రాలేదు. అందుకే మనం అడుగుతున్నదే తప్పేమోనని నాకు అనుమానం. మనకు కావలసింది పెద్ద రైడర్ కాదు, రెండో రైడర్. ఆ తర్వాత మూడో రైడర్.

వంటింటి మనిషికి వేలంపాటల గోల ఎందుకని మా వారు నవ్వుతారు. నెలకు ఇంత డబ్బని చేతిలో పెడితే ముప్పై రోజులు నడపడం నాకు తెలిసినంత ఆయనకు తెలియదు. వేలమన్నా అంతే కదా.

కబడ్డీ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. చిన్నప్పుడు మనం చెడుగుడు అని ఆడిందే ఇది, కాకపోతే చాప మీద, లైట్ల కింద. జట్టుకు ఏడుగురు. కూతకు వెళ్ళినవాడికి ముప్పై సెకన్లు. దొరికిపోతే బయట కూర్చోవాలి. అతను ఎంత గొప్పవాడైనా తనంతట తాను లోపలికి రాలేడు. ఇంకొకరు కూతకు వెళ్ళి ఎవరినైనా ముట్టుకుని రావాలి, లేదా మనవాళ్ళు అవతలి రైడర్‌ని పట్టేయాలి. అప్పుడే అతనికి మళ్ళీ పిలుపు వస్తుంది. బోనస్ గీత దాటి తెచ్చిన పాయింటుకు కూడా బయట ఉన్నవాడు లోపలికి రాడు. అంటే రెండు కోట్ల మనిషి బెంచీ మీద ఉంటే, అతన్ని ఆటలోకి తేవలసింది పది లక్షల మనిషే. ఆట రూలే ఇట్లా ఉంటే, సంచిలో డబ్బంతా ఒక్కడి మీద కుమ్మరించడమేమిటి?

మనవాళ్ళు కుమ్మరించారు. 2023 వేలంలో జట్టు మొత్తానికి ఖర్చు పెట్టగలిగింది 5 కోట్లు. అందులో పవన్ సెహ్రావత్ ఒక్కడికి 2 కోట్ల 60 లక్షల 50 వేలు. సగానికి పైగా. అతనేమన్నా తక్కువ ఆడాడా అంటే, లేదు. ఆ సీజన్లో రైడ్ పాయింట్లు రెండొందలు దాటించాడు. కానీ 22 మ్యాచుల్లో జట్టు గెలిచినవి రెండు! అతను కూతకు వెళ్తే పాయింటు వచ్చేది. బయటికి వెళ్తే మాత్రం నిమిషాల తరబడి బెంచీ మీద నుంచి చూస్తూ కూర్చునేవాడు, కెమెరా కూడా అతని ముఖం మీదే ఉండేది. ఆ ముఖం చూస్తే నాకు జాలేసేది.

అంతకుముందు సంగతి కూడా దాదాపు ఇదే. రాహుల్ చౌదరి రోజులు గుర్తున్నాయి కదా, 2018లో అతనికి 1 కోటి 29 లక్షలు. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌కి 1 కోటి 45 లక్షలు. ఆ సిద్ధార్థ్ తర్వాతి సీజన్ మొదట్లోనే గాయపడి వెళ్ళిపోయాడు. ఇక ఆ ఏడు మనం గెలిచింది 22లో ఒకే ఒక్క మ్యాచ్. ఒకే స్తంభం మీద పందిరి వేశాక, స్తంభం విరిగిందని ఏడ్చి ఏం లాభం?

"మరి పర్దీప్ నర్వాల్ సంగతో?" అని మా అబ్బాయి వెంటనే అడ్డం వస్తాడు. 2017లో పర్దీప్ 369 రైడ్ పాయింట్లు కొట్టి పట్నా పైరేట్స్‌కి కప్పు తెచ్చాడు, నిజమే. కానీ ఆ ఏడు అతని పక్కన మోను గోయత్ ఉన్నాడు. పర్దీప్ బయట ఉంటే మోను వెళ్ళేవాడు. ఆ రెండోవాడి విలువ ఎంతో మర్నాటి ఏడు వేలంలో తెలిసింది. హర్యానా స్టీలర్స్ మోనుకి 1 కోటి 51 లక్షలు పెట్టింది. ఆ వేలంలో అందరికంటే ఎక్కువ ధర అతనిదే. పర్దీప్ కథలో మనవాళ్ళు చూడనిది ఈ సగమే.

ఈ వాదన నేను కబడ్డీతోనే ఆపితే బాగుండేది, మా ఇంట్లో అట్లా కుదరలేదు. మా వాడు ఇంటర్ అయిపోయి లాంగ్ టర్మ్ కోచింగ్‌కి హైదరాబాద్ వెళ్తానంటున్నాడు. మా చిన్నది ఈ ఏడు పదో తరగతి. ఉన్న డిపాజిట్ అంతా తీసి వాడి మీద పెడదామని, అమ్మాయిని ఇక్కడే ఎక్కడో ఒకచోట చేరుద్దామని మా వారి లెక్క. వాడు చదువుతాడు, ఎవరూ కాదనరు. కానీ ఇంటి డబ్బంతా వాడి నెత్తిన పెట్టి పంపితే, పరీక్ష హాల్లో వాడు ప్రశ్నలకు జవాబు రాస్తాడా, మాకు జవాబు చెప్పుకుంటాడా? రేపు వాడొక ఏడాది వెనకబడితే చేయి అందించేది చెల్లెలే. దాన్ని ఇప్పుడే బెంచీ మీద కూర్చోబెడితే ఎట్లా? డిపాజిట్ రెండు భాగాలు కావాలన్నాను. ఆయన ఇంకా ఏమీ అనలేదు. నేను మాత్రం బాండు కాగితాలు నా బీరువాలోకి మార్చాను.

మళ్ళీ ఆటకు వస్తాను. టైటాన్స్ బాగుపడింది ఎప్పుడో చూడండి. 2024లో పవన్‌నే 1 కోటి 72 లక్షల 50 వేలకు నిలుపుకున్నారు. అతను మధ్యలో గాయపడ్డాడు. పాత టైటాన్స్ అయితే అక్కడితో సరి. ఈసారి విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ కూతకు వెళ్ళారు. మొత్తం 12 మ్యాచులు గెలిచి ఏడో స్థానంలో ఆగాం. 2025లో కోటి దాటిన ఆటగాడు మన జట్టులో ఒక్కడూ లేడు. విశాఖలో జరిగిన మొదటి మ్యాచ్‌లోనే పవన్ తమిళ్ తలైవాస్ తరఫున మన మీదికి వచ్చాడు, ఆ మ్యాచ్ 35-38తో ఓడిపోయాం. "చూశావా" అన్నట్టు మా వారు నావైపు చూశారు. నేను పల్లెత్తు మాట అనలేదు. భరత్ హుడా, విజయ్ మలిక్ ఒకరు కాకపోతే ఒకరు పాయింట్లు తెస్తూ వచ్చారు. ఒకరు బయట కూర్చుంటే ఇంకొకరు లోపలికి పిలిచారు. ప్లేఆఫ్స్‌కి వెళ్ళాం, ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద పుణెరి పల్టన్ చేతిలో ఆగాం. ఎన్ని ఏళ్ళకు!

ఇంత చూశాక కూడా వచ్చే వేలంలో "ఆ ఒక్క పెద్ద పేరు కొంటే ఫైనల్ గ్యారంటీ" అనే మాటే వినిపిస్తుంది, చూడండి. ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి నన్నడిగితే మూడో రైడర్ కావాలి. రెండు కూతలు ఖాళీగా వచ్చాక మూడోది చావో రేవో, పాయింటు తేకపోతే వెళ్ళినవాడు అవుట్. ఆ కూతకు ప్రతిసారీ భరత్‌నో విజయ్‌నో పంపితే మనం పోగొట్టుకునేది వాళ్ళనే. దానికంటూ ఒకడు, భయం లేనివాడు, కుర్రాడు ఉండాలి.

అలాంటి కుర్రాడి కోసం హర్యానా దాకా పోవాలా అన్నది నా చివరి గొడవ. జట్టు పేరులో తెలుగు ఉంది, జట్టులో తెలుగు పిల్లలు ఏ సీజన్లో చూసినా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. మొదటి రైడర్‌గా మనవాళ్ళు ఇప్పుడే సరిపోరంటే ఒప్పుకుంటాను. మూడో రైడర్‌గా నేర్చుకోవడానికి ఏం అడ్డం? మా వైపు స్కూళ్ళలో, హాస్టళ్ళలో సాయంత్రమైతే మట్టిలో కూత పెట్టే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. వేలంలో అన్నిటికంటే కింది వర్గం ఆటగాడి ధర 9 లక్షల నుంచి మొదలవుతుంది. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో రెండు రోజులు ట్రయల్స్ పెట్టి, మట్టి మీద ఆడే ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఏడాది పాటు చాప మీద ఆడిస్తే, పవన్‌కి పెట్టిన దానిలో ఎన్నో వంతు అవుతుంది?