నగలు కడిగే పెట్టె

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి జాబు రాశారు. "మా మరిది కువైట్ నుంచి వస్తూ నగలు కడిగే మిషను ఒకటి తెచ్చాడు. నీళ్లు పోసి మీట నొక్కితే చాలునట. నాకు మాత్రం చెయ్యి ఆడడం లేదు. మీరెప్పుడైనా వాడారా? ఇంట్లో వాడవచ్చునా?" అని.

వాడాను తల్లీ, వాడాను. వాడి, ఒక సాయంత్రం పెరట్లో కరివేపచెట్టు పాదులో మట్టి జల్లెడ కూడా పట్టాను. ఆ కథ దాచిపెట్టి ఈ జాబుకు జవాబు రాయడం ధర్మం కాదు గనుక మొదటి నుంచీ చెబుతాను.

మా రాయచోటిలో కువైట్‌తో సంబంధం లేని వీధి వుండదు. సెలవుకు వచ్చిన పిల్లవాడి పెట్టె విప్పితే ఖర్జూరాలు, అత్తరు సీసాలు, వేసవిలో ముట్టుకోవడానికి కూడా వీలుకాని మందపాటి కంబళ్లు బయటపడతాయి. పోయినేడు మా అక్క కొడుకు పెట్టెలోంచి వీటితోబాటు టిఫిను డబ్బా కంటె కాస్త పెద్ద వస్తువొకటి బయటికి వచ్చింది. లోపల అరలీటరు పైచిలుకు నీళ్లు పట్టే స్టీలు తొట్టి, అందులో ప్లాస్టిక్ బుట్ట, పైన మూత. "చిన్నమ్మా, నీ గాజులు ఇట్లివ్వు" అన్నాడు. ఇచ్చాను. మీట నొక్కగానే తుమ్మెద రొద లాంటి చప్పుడొకటి మొదలైంది. నిమిషం గడవకముందే గాజు చెక్కుడు సందుల్లోంచి మురికి పొగలాగా పైకి లేచింది. పిండి, పసుపు, సబ్బు, చెమట, ఎన్నేళ్ల సంసారమో ఆ నీళ్లలో కలిసింది. గాజులు తీసి తుడిస్తే నావేనా అనిపించింది.

దీని పేరు అల్ట్రాసోనిక్ క్లీనరు. మన చెవికి సెకనుకు 20,000 కంపనాల దాకానే వినబడుతుంది. అది దాటిన దాన్ని అతిధ్వని అంటారు. ఈ తొట్టి అడుగున అంటించి వుండే పింగాణి బిళ్ల సెకనుకు సుమారు 40,000 సార్లు అదురుతుంది. కరెంటు తగిలితే కొన్ని పదార్థాలు ఇలా అదరడమన్నది ఫ్రాన్సులో క్యూరీ సోదరులు 1880లో మొదలుపెట్టిన పరిశోధన నుంచి తెలిసివచ్చిన సంగతి. ఆ అదురుకు నీళ్లలో కంటికానని బుడగలు లక్షలుగా పుట్టి, పుట్టిన వెంటనే కూలిపోతాయి. కూలేటప్పుడు ఒక్కొక్కటీ పక్కనున్న మురికిని చిన్న సుత్తిలాగా కొడుతుంది. బుడగ దెబ్బ ఎంతలే అనుకోకండి. ఓడల లోహపు రెక్కలు నీళ్లలో తిరిగి తిరిగి గుంటలు పడుతున్నాయేమని ఆరా తీస్తే, అది ఈ బుడగల పనేనని తేలింది. కూలే బుడగ దగ్గర ఎంత ఒత్తిడి పుడుతుందో లార్డ్ రేలీ 1917లో లెక్కగట్టి చూపాడు. మనవాళ్లూ తక్కువ తినలేదు. సూరి భగవంతం గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వుండగా ఈ అతిధ్వనుల మీద పరిశోధన చేశారు.

ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. ముందే తెలిసివుంటే ఎంత బాగుండేది!

వీరభద్రస్వామి తిరునాళ్లు దగ్గర పడ్డాయి. ఎదురింటి అమ్మాయి (భర్త కువైట్‌లో, తను అత్తగారితో ఇక్కడ) చీరకొంగులో ముడివేసిన కమ్మలు తెచ్చింది. ఏడు కెంపుల కమ్మలు. వాళ్ల జేజివి. పెళ్లినాడు జేజి తన చెవులకున్నవి విప్పి మనవరాలికి పెట్టిందట. వీసా డబ్బుకు తక్కిన నగలన్నీ బ్యాంకుకు పోయినా ఇవి మాత్రం ఇల్లు కదలలేదు. "అక్కా, వీటిని గూడా ఒకసారి ఆ మిషన్లో వేస్తావా? జిడ్డు పట్టినాయి" అంది.

నేను ముందూ వెనకా చూడకుండా వేశాను. మూడు నిమిషాలు చాలలేదనిపించి మళ్లీ మూడు, మళ్లీ మూడు. మిషను వేడెక్కింది. కమ్మలు తీసి పళ్లెంలో పెట్టి, మురికినీళ్లు అలవాటు చొప్పున తీసుకెళ్లి కరివేపచెట్టు పాదులో పోశాను. తిరిగి వచ్చి చూస్తే, ఒక కమ్మకు నడిమి కెంపు లేదు. రెండో కమ్మలో రాళ్లున్నాయి గానీ, రెండింటికి వెలుగు పోయి నేరేడుపండు తొక్కలాగా నల్లబడ్డాయి.

ఆ అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. "ఇట్లయ్యిందేమక్కా" అని మెల్లగా అని కొంగు నడుముకు దోపి పాదు దగ్గర కూర్చుంది. నేను జల్లెడ తెచ్చాను. పొద్దు గూకింది. టార్చిలైటు పెట్టి పిడికెడు పిడికెడు మట్టి జల్లించాం. వాళ్ల అత్తగారు గోడవతలనుంచి "ఏం పోగొట్టుకున్యారమ్మీ?" అని కేక వేస్తే, ఇద్దరిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. చివరకు దొరికింది, తడిమట్టి గడ్డలో. కందిగింజంత రాయి.

మరునాడు ఇద్దరం కలిసి ఆచారి దగ్గరికి వెళ్లాం. ఆయన కమ్మను భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసి, నన్ను కోప్పడలేదు గానీ, నాకు చదువు చెప్పాడు. పాతకాలపు కెంపుల కట్టుడుకు వెనకవైపు బంగారం మూసి వుంటుంది. రాయి కింద మెరుపు రేకు, దాని అడుగున లక్క. ఆ రేకు వల్లనే రాయికంత ఎరుపు. ఈ మిషన్లో వేస్తే నీళ్లు సందు చేసుకుని లోపలికి పోతాయి. రేకు పాడవుతుంది. వేడికి లక్క మెత్తబడుతుంది. అదురుకు రాయి కదులుతుంది. "అమ్మా, దానికి మురికేదో, లక్కేదో తెలుస్తుందా?" అన్నాడు.

కాబట్టి సోదరీ, మిషను వాడవచ్చునా అని కాదు, అందులో ఏది వేయకూడదు అని అడగండి. లక్క పోసిన గుండ్లు, వెనక మూసిన రాళ్ల కమ్మలు, జిగురుతో అంటించిన రాళ్లు వేయకండి. ముత్యం, పగడం బొత్తిగా పనికిరావు. మన వైపు తాళితోబాటు పూసలదండలో పగడాలు గుచ్చుకుంటాం గదా, ఆ దండ తీసి పక్కన పెట్టండి. పచ్చలో పగుళ్లు కనబడకుండా నూనె పట్టించి వుంటారు. ఆ నూనె కాస్తా వూడి వస్తుంది, రాయి బీటలు వారవచ్చు. పగుళ్లలో గాజు నింపి అమ్మే కెంపులూ అంతే. ఒక గ్రాము బంగారం పూత నగలకు పూత లేచిపోతుంది. వీటన్నిటికీ మన కుంకుడురసమే మేలు. గోరువెచ్చని నీళ్లలో కాస్త రసం, చంటిపిల్లల పళ్లు తోమే మెత్తటి బ్రష్షు, ఆపైన పొడిగుడ్డ. ముత్యాలకూ, లక్క పోసిన గుండ్లకూ, వెనక మూసిన రాళ్ల కమ్మలకూ అయితే ఆ నానబెట్టడం కూడా వద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మరి ఏవి వేయాలంటారా? రాళ్లులేని గట్టి బంగారం గాజులు, ఉంగరాలు, గొలుసులు. వెనక తెరిచి, కొక్కేలు గట్టిగా పట్టుకున్న వజ్రం. వేసేముందు నగను చెవి దగ్గర పెట్టి వేలితో తట్టి చూడండి. రాయి గలగలమంటే ఆచారి దగ్గరికే. రెండు మూడు నగలు ఒక్కసారి కుప్ప పోయకండి, ఒకదాన్నొకటి గీరుకుంటాయి. బుట్ట లేకుండా తొట్టి అడుగున నేరుగా పెడితే నగకూ మంచిది కాదు, కింది బిళ్లకూ మంచిది కాదు.

వెండి పట్టీలు వేసి "నలుపు పోలేదే" అని దిగులుపడిన వాళ్లున్నారు. పోదు. అది మురికి కాదు, గాలిలోని గంధకంతో కలిసి వెండి నల్లబడడం. దానికి వేరే ఉపాయముంది. పింగాణి గిన్నెలో అల్యూమినియం ఫాయిలు పరిచి, వేణ్ణీళ్లు పోసి, వంటసోడా రెండు చెంచాలు వేసి, పట్టీలు ఆ రేకుకు తగిలేలా పెట్టండి. కాసేపటికి నలుపు వెండిని వదిలిపెడుతుంది. రాళ్లున్న వెండికి మాత్రం ఈ పని చేయకండి.

ఇక నీళ్ల సంగతి. మా వూరి బోరునీళ్లు గీజరులో నెల తిరక్కుండా సున్నపు పొర కడతాయి. మీ ప్రొద్దుటూరి సంగతి మీకే తెలియాలి. నేను మొదట్లో ఆ నీళ్లే పోసి, ఇంత సబ్బుముక్క తరిగి వేశాను. సున్నమూ సబ్బూ కలిసి తెట్టు కట్టి, గాజుల మీద తెల్లటి మసక మిగిలింది, తొట్టికి గీత పడింది. వెనిగర్లో తడిపిన గుడ్డతో తుడిస్తే గాని పోలేదు. తాగడానికి తెచ్చుకునే క్యాను నీళ్లు ఒక గ్లాసున్నర ఖర్చుపెట్టండి, పోయేదేమీ లేదు. వానాకాలంలో పట్టిన వాననీళ్లయితే మరీ మంచిది. గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు చాలు. నీళ్లు గోరువెచ్చగా వుండాలి, కాగకూడదు. నగలు వేయకుండా ముందు అయిదు నిమిషాలు ఉత్త నీళ్లతో తిప్పండి. నీళ్లలో కరిగివున్న గాలి బయటికి పోతే బుడగల దెబ్బకు బలం వస్తుంది. ఆ తర్వాత మూడు నిమిషాలు, తీసి చూడండి, అవసరమైతే ఇంకో మూడు. మధ్యలో మిషనుకు కాస్త విరామమివ్వండి. నాలాగా పంతానికి పోకండి.

మిషను అసలుదా కాదా అన్న అనుమానముంటే దానికీ పరీక్ష వుంది. అతిధ్వని పేరు పెట్టి లోపల ఉత్త మోటారు అదిరే బొమ్మలు కూడా బజార్లో అమ్ముతున్నారు. అల్యూమినియం ఫాయిలు ముక్కను నీళ్లలో నిలువుగా వేలాడదీసి నిమిషం, రెండు నిమిషాలు తిప్పండి. అసలుదైతే రేకు మీద సూదితో పొడిచినట్లు గుంటలు, చిల్లులు పడతాయి. నకిలీదైతే రేకు వేసినట్లే వుంటుంది. ఆ చిల్లులు ఒకసారి చూశాక నడుస్తున్న తొట్టిలో వేలు పెట్టాలని మీకు ఎలాగూ అనిపించదు. పిల్లలకు ఆ రేకు చూపించండి, చెప్పడం కంటె అది నయం.

మా అక్క కొడుకు ఒకనాడు మోటారుసైకిలు కార్బురేటరు పట్టుకొచ్చి, "చిన్నమ్మా, పెట్రోలు పోసి ఇందులో వేస్తే అద్దంలా వస్తుంది" అన్నాడు. ఇంట్లోంచి తరిమాను. పెట్రోలు, స్పిరిటు, తిన్నరు లాంటివి ఈ తొట్టిలో పోస్తే వేడికి ఆవిరి లేస్తుంది. కింద కరెంటు వుంది, ఒక్క రవ్వ చాలు. బ్లీచింగు నీళ్లు, యాసిడ్లు కూడా పోయరాదు, స్టీలును తింటాయి. నీళ్లు పోసేటప్పుడూ, వంపేటప్పుడూ ప్లగ్గు తీసి వుండాలి. ఉత్త తొట్టిని ఎప్పుడూ తిప్పకూడదు. పెట్టెను కుళాయి కింద పెట్టి కడగకండి, తడిగుడ్డతో తుడవండి. నగల మురికి ఆడిన తొట్టిలో ద్రాక్షపళ్లు కడుగుదామన్న ఆలోచన కూడా వద్దు.

నీళ్లు పారబోసేటప్పుడు తెల్లటి పలుచని గుడ్డ గిన్నెకు కట్టి వడపోయండి. ఇది నేను ఎక్కడా చదివి నేర్చుకున్నది కాదు.

ఆచారి కొత్త రేకు వేసి రాళ్లు మళ్లీ బిగించాడు. కూలి నేనే ఇచ్చాను, ఆ అమ్మాయి వద్దన్నా వినలేదు. కొత్త రేకు మీద కూర్చున్న కెంపు తక్కిన ఆరింటికంటె ఒక పిసరు ఎర్రగా వుంటుంది. తెలియని వాళ్లకు తెలియదు. తిరునాళ్లలో రథం దగ్గర తను తల తిప్పినప్పుడల్లా నా చూపు అక్కడికే పోయింది.

మొన్న మళ్లీ వచ్చింది. చేతిలో గుడ్డ మూట చూసి నా గుండె ఝల్లుమంది. "నగలు కాదులేక్కా, మా అత్త పండ్లసెట్టు" అంది నవ్వుతూ. పలుచని గాజుగ్లాసులో మంచినీళ్లు పోసి, కట్టుడుపళ్లు అందులో వేసి, ఆ గ్లాసును తొట్టి నీళ్లలో బుట్టలో నిలబెట్టాను. గాజులోంచి కూడా అదురు బాగానే వెళుతుంది, తొట్టి నీళ్లు అంటుకోవు. మూడు నిమిషాలు. ఈసారి నేను గడియారం ముందే కూర్చున్నాను.