సర్వీస్ ఛార్జి ఎందుకు కట్టాలి?

"విశ్వాసులం కదా, గొడవెందుకు, కట్టేద్దాం" అనే మాట నాకు బొత్తిగా నచ్చదు.

మొన్న పిల్లలు మమ్మల్ని విజయవాడలో ఒక పెద్ద హోటలుకు తీసుకెళ్లారు. ముప్పావుగంట కూర్చోబెట్టి చల్లారిన పులావు పెట్టారు. తిండికి 2,400, సర్వీస్ ఛార్జి 240, ఆ రెంటి మీదా 5 శాతం జీఎస్టీ. మొత్తం 2,772! మన ఊళ్లో కలుపు తీసే తల్లులకు ఆ 240 చిన్న మొత్తమా?

అడక్కుండా బిల్లులో కలిపేది కానుక ఎలా అవుతుంది? ఇలా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4నే చెప్పింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కితే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. తీసేయమని అడగండి. వినకపోతే 1915కు ఫోన్ చేయండి.

"పాపం, వడ్డించే కుర్రాళ్లకే కదా" అంటారు. ఎంత చేరుతుందని అడిగితే మా కుర్రాడు తల దించుకున్నాడు. పనివారి కూలి బిగబట్టిన ధనవంతుల గూర్చి యాకోబు 5వ అధ్యాయంలో ఏమన్నాడో ఈ రాత్రి చదవండి. ఇవ్వాలనిపిస్తే ఆ బిడ్డ చేతిలోనే పెట్టండి.